కొలువులు మారాయి, గురి మారలేదు

గోదావరిఖనిలో ఒకప్పుడు తండ్రి తర్వాత కొడుకు బాయి పనికి ఎక్కేవాడు. ఓపెన్‌కాస్టులు పెరిగి కొలువులు తగ్గాక మన యువత వేరే దారులు వెతుక్కుంటోంది. ఇక్కడి నుంచి బయటపడితే చాలనుకునే వాళ్లు మహాకవి గుర్రం జాషువా జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతానికి పనిచేశారు. ఆ ఉద్యోగం పోయింది. రాజమండ్రి వెళ్లి 1915-16లో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివి వినిపించే పని చేశారు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పారు.

అంటరానితనం సాహిత్య సభల్లోనూ ఆయన్ని వెంటాడింది. దాని నుంచి పారిపోవడమే లక్ష్యమైతే పద్యం రాయడం మానేస్తే సరిపోయేది. ఆయన మానలేదు. అగ్రవర్ణాలు తమ సొత్తనుకున్న విద్యలోకే నడిచి, ఉభయ భాషా ప్రవీణ పట్టా పొందారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1941లో, గబ్బిలం వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తిరగగలిగే గబ్బిలంతో శివుడికి తన గోడు పంపుకునే కావ్యం అది.

తర్వాత యుద్ధ ప్రచారకుడయ్యారు, 1957-59లో మద్రాసు రేడియోలో పనిచేశారు, 1964లో శాసనమండలి సభ్యుడయ్యారు. 1971 జూలై 24న కన్నుమూశారు.

ఆయన పనుల్లో కొన్ని పొట్టకూటికి చేసినవే. ఏ పనిలో ఉన్నా కవిత్వం విడవలేదు. ఊరు వదిలే ముందు మనమూ తేల్చుకోవాల్సింది అదే: దేన్ని వదిలి పోతున్నామన్నది సరే, దేనికోసం పోతున్నాం?