అంగడి ఎవరి చేతిలో ఉండాలి? కమలాదేవి జీవితం వేసే ప్రశ్న

రాజధానిలో నాయకుల స్మృతిచిహ్నాలకు కొదవ లేదు. యమున ఒడ్డున సమాధులున్నాయి, కూడళ్ళలో విగ్రహాలున్నాయి, రహదారులకు పేర్లున్నాయి. కమలాదేవీ చట్టోపాధ్యాయ చేసిన పనిని వెదకదలచినవారు మాత్రం వేరే రెండు చోట్లకు పోవాలి. మొదటిది జనపథ్‌లో ఎదిగిన కేంద్ర కుటీర పరిశ్రమల ఎంపోరియం. రెండవది ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాద్. ఒకటి చేతిపనివారి సరుకును దేశానికి చూపిన అంగడి. మరొకటి దేశవిభజనలో సర్వస్వం కోల్పోయినవారు తమ చేతులతో లేపుకున్న పట్టణం. ఈ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఆమె జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినట్లు నాకు తోస్తుంది. వస్తువును తయారుచేసేవారికి, దాని అమ్మకం మీద అధికారం ఎప్పుడు వస్తుంది?

ఆమె 1903లో మంగళూరులో జన్మించారు. తండ్రి ఉన్నతోద్యోగి. ఆయన వీలునామా రాయకుండానే మరణించడంతో ఆస్తి యావత్తూ మొదటి భార్య కుమారునికి దక్కింది. తల్లి గిరిజాబాయి నెలవారీ భరణాన్ని తిరస్కరించి, తన వద్ద ఉన్నదానితోనే పిల్లలను పెంచింది. చట్టం దృష్టిలో తన వాటా ఏమీ లేదని ఆ బాలిక ఏడేళ్ళ ప్రాయంలోనే గ్రహించింది. బాల్యంలోనే వివాహం, వెనువెంటనే వైధవ్యం. అయినా ఆమె చదువు ఆగలేదు. మద్రాసులో చదువుకుంటున్నప్పుడు హైదరాబాదు చట్టోపాధ్యాయ కుటుంబంతో పరిచయమైంది. సరోజినీ నాయుడు సోదరుడు, కవి హరీంద్రనాథ్‌ను ఆమె పునర్వివాహం చేసుకున్నారు. వితంతు వివాహాన్ని సమాజం సహించని కాలమది. అనంతర కాలంలో వారు విడిపోయారు. 1952లో బెజవాడ ఓటర్లు లోక్‌సభకు పంపినది ఈ హరీంద్రనాథ్‌నే.

1926లో ఆమె మద్రాసు శాసనసభకు పోటీచేసి స్వల్పమైన తేడాతో ఓడిపోయారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో స్త్రీలకు కూడా చోటుండాలని గాంధీజీతో వాదించి ఒప్పించిన వారిలో ఆమె ముఖ్యులు. నిషిద్ధమైన ఉప్పు పొట్లాలను బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలోనికి తీసుకుపోయి అమ్మిన సాహసం ఆమెది. అందుకు జైలుశిక్ష అనుభవించారు. 1936లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి అధ్యక్షత వహించారు. ఇంతటి చరిత్ర గల వ్యక్తికి స్వాతంత్ర్యానంతరం పదవి దొరకడం కష్టం కాదు. కాని ఆమె పదవుల బాట పట్టక కాందిశీకుల శిబిరాల బాట పట్టారు.

ఆమె జీవితంలోని ఈ ఘట్టమే ఈనాడు మనకు ఎక్కువగా అవసరమని నా అభిప్రాయం. 1947 తరువాత ఢిల్లీ పరిసరాలు శిబిరాలతో నిండిపోయాయి. రేషను, గుడారం ఇచ్చి సరిపెట్టడం ప్రభుత్వ శాఖలకు తెలిసిన పద్ధతి. వారికి కావలసింది దయాధర్మం కాదు, పని అని కమలాదేవి భావించారు. సహకార పద్ధతిలో పునరావాసం కల్పించే ఆలోచనకు గాంధీజీ సమ్మతించారు గాని, ప్రభుత్వ సహాయానికి చేయి చాపరాదని షరతు పెట్టారు. ఆ విధంగా 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ఏర్పడింది. మెహ్రౌలీ సమీపాన ఛతర్‌పూర్‌లో పశ్చిమ పంజాబు రైతులు సహకార సేద్యానికి పూనుకున్నారు. ఫరీదాబాద్‌లో వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన వేలాది కుటుంబాలు తమ పట్టణ నిర్మాణానికి తామే కూలీలు, తామే కాంట్రాక్టర్లు అయ్యారు. ఆమె అనుచరులలో ఎల్.సి. జైన్ వంటి యువకులు ఇక్కడే రాటుదేలారు. అయితే కొన్నేళ్ళకే శాఖల పట్టు బిగిసింది. పనివారి సంఘాలు వెనక్కు పోయాయి, కాంట్రాక్టర్లు ముందుకు వచ్చారు. ఫరీదాబాద్ పెద్ద పారిశ్రామిక కేంద్రంగా ఎదిగింది గాని, దానిని కట్టినవారి సహకార స్వప్నం అందులో మిగలలేదు.

1952లో అఖిలభారత హస్తకళల బోర్డుకు ఆమె అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది ఎంపోరియం నిర్వహణ కోఆపరేటివ్ యూనియన్ చేతికి వచ్చింది. మన గ్రామాలలో చేతిపని నడిచే తీరు తెలిసినవారికి ఆ మార్పులోని విలువ సులభంగా బోధపడుతుంది. నూలు షావుకారుది, నమూనా షావుకారుది, కొనేవారి చిరునామా కూడా షావుకారుదే. పనివారికి మిగిలేది మజూరీ మాత్రమే. ఇల్లే కార్ఖానా గనుక పనిగంటల లెక్క లేదు, హాజరు పట్టీ లేదు, పింఛను లేదు. ఆసు పోసి, కండెలు చుట్టే ఇల్లాలి శ్రమకు ప్రత్యేకించి కూలి అనే మాటే లేదు. అప్పు ఇచ్చిన చేయే సరుకు కొనే చేయి అయినప్పుడు బేరమాడే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ గొలుసును అమ్మకం దగ్గర తెంచాలన్నది కమలాదేవి వ్యూహం. కళను కాపాడటానికి మ్యూజియం చాలదు, కళాకారుని ఇంట్లో పొయ్యి వెలగాలి.

ఆంధ్ర దేశానికి కూడా ఆ కృషిలో భాగం లభించింది. అంతరించే దశకు చేరిన శ్రీకాళహస్తి కలంకారీకి 1950 దశకంలో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడి ప్రాణం పోసింది. దాని వెనుక ఆమె ప్రోద్బలం ఉంది.

ఆమెకు గౌరవాలు దక్కాయి. 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ లభించాయి. 1988 అక్టోబరు 29న ఆమె కన్నుమూశారు. కాని ఆమె నిర్మించిన వ్యవస్థలో లోపాలు లేవని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. బోర్డు ప్రభుత్వ సంస్థ. ప్రభుత్వం సన్మానించడం నేర్చుకున్నంత త్వరగా అధికారాన్ని పంచడం నేర్చుకోలేదు. నిపుణుడైన శిల్పికి తామ్రపత్రం దక్కింది, అతని పక్కన కూర్చుని పనిచేసిన సహాయకుడు లెక్కలోకి రాలేదు. 1976లో ఎంపోరియం ప్రభుత్వ రంగ కార్పొరేషన్‌గా మారింది. ఢిల్లీ సంపన్నుల డ్రాయింగు రూములకు చేనేత తెరలు చేరాయి. నేసినవారి బేరసారాల శక్తి మాత్రం ఆ మేరకు పెరగలేదు.

2019-20 చేనేత గణన ప్రకారం ఈ రంగంలో 35.22 లక్షల మంది పనిచేస్తున్నారు. వారిలో 72 శాతం స్త్రీలు. సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాల నెలసరి ఆదాయం 5,000 రూపాయలకు లోపే. ఆ గణన పూర్తయిన కొద్దికాలానికే, 2020లో, కేంద్ర ప్రభుత్వం హస్తకళల బోర్డును, చేనేత బోర్డును రద్దుచేసింది. పాలనా యంత్రాంగాన్ని తగ్గించడమే ఉద్దేశమని చెప్పింది. ఆ బోర్డులు ఎంత నిస్తేజంగా ఉన్నా, చేతిపనివారి ప్రతినిధులు అధికారులకు ఎదురుగా కూర్చునే వేదికలు అవే. 2021లో మొదలైన ఈ-శ్రమ్ జాబితాలో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికుల పేర్లు నమోదయ్యాయి. పేరు నమోదు కావడం మంచిదే. అయితే జాబితాలో పేరుండటం వేరు, ధర నిర్ణయించే చోట మాట చెల్లడం వేరు. కమలాదేవి ఆ రెండవదాని కోసం శ్రమించారు.

చేనేత దినోత్సవాల నాడు నూలుచీర ధరించి ఆమె చిత్రపటానికి పూలమాల వేసే నాయకులను అన్ని పార్టీలలోనూ చూశాను. వారికి నా మనవి ఒక్కటే. మీ నియోజకవర్గంలో నేతపని చేసే ఇంటికి పోయి, ఆ చీర అమ్మిన ధరలో వారికి దక్కినదెంతో అడగండి. ఆ జవాబును చట్టసభలో చదవండి. పూలమాల కంటె అది ఆమెకు తగిన నివాళి కాగలదు.