నిఘంటుకారుడగు జాన్సను పండితుని జీవితము

మన పాఠశాలలో కొంతకాలమునుండి ఒక క్రొత్త మాట వినబడుచున్నది. పుస్తకములను వరుసగా పేర్చుకొను బాలికను చూచి, దీనికి ఓ.సి.డి. యని తోటివారు నవ్వుదురు. పెన్సిలును గంటకొకసారి చెక్కుకొను బాలుడు తనకు ఓ.సి.డి. కలదని తానే గొప్పగా చెప్పుకొనును. ఇట్టి చోట్ల మన పెద్దలు పిచ్చి యనియు, చాదస్తమనియు అనుచుండిరి. ఇప్పుడు ఆ స్థానమున వైద్యుల గ్రంథములలోని పేరొకటి వచ్చి చేరినది. మాట చిన్నదే గాని, దాని వెనుకనున్న బాధ చిన్నది కాదు. దానిని తెలుపుటకై మేము ఒక మహాపురుషుని జీవితమును చదువరుల యెదుట ఉంచదలచితిమి. ఆయన ఇంగ్లీషు భాషలోని నలువదివేలకు పైబడిన మాటలకు అర్థములు వ్రాసెను. తన మనస్సును జీవితాంతము పీడించిన దానికి మాత్రము సరియైన పేరు ఎరుగకయే మరణించెను. ఆయనయే డాక్టరు శామ్యూల్ జాన్సను.

జాన్సను 1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఇంగ్లాండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకముల వర్తకుడు. బిడ్డకు పసితనముననే గండమాల సోకెను. దానివలన మెడపై మచ్చలు మిగిలెను. ఒక కంటిచూపు దాదాపుగా పోయెను. రాజు చేతితో తాకినచో ఈ వ్యాధి మానునను నమ్మకము ఆ దేశమున నుండుటచేత, 1712లో తల్లి బిడ్డను లండను నగరమునకు కొనిపోయి ఆన్ రాణిచేత తాకించెను. వ్యాధి కుదురలేదు. అయినను ఆనాడు మెడలో వేసిన చిన్న బంగారు బిళ్లను ఆయన బ్రదికినంతకాలము ధరించియుండెను.

తండ్రి దుకాణములోని గ్రంథములే ఆయనకు రెండవ పాఠశాల. 1728 అక్టోబరులో ఆక్స్‌ఫర్డునందలి పెంబ్రోకు కళాశాలలో చేరెను గాని, చదువు సాగించుటకు ధనము చాలలేదు. జోళ్లు చినిగి కాలివ్రేళ్లు కనబడుచుండగా, ఎవరో జాలిపడి క్రొత్త జోళ్ల జతను ఆయన గది వాకిట పెట్టిపోయిరి. అభిమానవంతుడగు జాన్సను వానిని తీసి పారవైచెను. పట్టము పొందకయే 1729 డిసెంబరులో ఇల్లు చేరెను.

ఆ దినములలోనే ఆయన మనస్సును చీకటి క్రమ్మెను. తీరని దిగులు, నిలుకడలేని కలత, కారణము తెలియని భయము ఆయనను పట్టుకొనెను. తనకు మతి చలించునేమో యను శంక అప్పటినుండి ఆయనను విడువలేదు. దేహమును అలయించినచో మనస్సు కుదుటపడునని తలచి, లిచ్‌ఫీల్డునుండి బర్మింగుహామునకు నడచిపోయి, మరల నడచి వచ్చుచుండెను. తుదకు తన వ్యాధి లక్షణములనన్నిటిని లాటిను భాషలో వివరముగా వ్రాసి, తనకు జ్ఞానతండ్రియు వైద్యుడునగు స్విన్‌ఫెనుగారికి అందజేసెను. ఆ వైద్యుడు దుష్టుడు కాడు. ఆ వ్రాతలోని మేధాశక్తిని మెచ్చుకొని, దానిని మరి కొందరికి చూపెను. అంతియే. కాని ఆ సంగతి తెలిసినప్పుడు జాన్సను హృదయము గాయపడెను. ఆ పెద్దమనిషితో ఆయనకు మునుపటి చనువు మరల కుదురలేదు. రహస్యముగా నమ్మి చెప్పుకొన్న బాధ పదిమంది నోళ్లలో పడుట ఎంత దుస్సహమో ఆ యువకుడు ఇరువది సంవత్సరముల ప్రాయముననే తెలిసికొనెను.

జీవనోపాధికై ఆయన ఉపాధ్యాయవృత్తిని కోరెను. ఆయనకు తెలియకుండగనే ముఖము వంకరలు పోవుట, తల ఊగుట, చేతులు కదలుట జరుగుచుండెను. 1735లో ఒక పాఠశాలవారు, ఆ ముఖవికారములు ఆయన వశమునందు లేవని ఎరిగియు, పిల్లలపై వాని ప్రభావముండునని జంకి ఉద్యోగమియ్యలేదు. ఆ సంవత్సరమే ఆయన ఎలిజబెత్ పోర్టరు అను వితంతువును వివాహమాడి, ఆమె ధనముతో ఎడియలు అను గ్రామమున స్వయముగా పాఠశాల నెలకొల్పెను. చేరిన విద్యార్థులు మిక్కిలి కొలదిమంది. వారైనను గురువుగారి చేష్టలను చూచి చాటున నవ్వుకొనుచుండిరి. వారిలో డేవిడ్ గారిక్ అనువాడు పిమ్మట ఇంగ్లాండులో సుప్రసిద్ధ నటుడయ్యెను. గురువును అనుకరించి స్నేహితులను నవ్వించుట పెద్దవాడైన పిదపను మానలేదు. పాఠశాల కొద్దికాలమునకే మూతపడెను. 1737లో గురుశిష్యులిరువురును భాగ్యము వెదకికొనుచు లండనుకు బయలుదేరిరి.

లండనులో జాన్సను పత్రికలకు వ్రాయుచు కష్టముతో కాలము గడపెను. 1746లో పుస్తకవ్యాపారులు కొందరు ఇంగ్లీషు నిఘంటువును రచింపుమని ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. గఫ్ స్క్వేరునందలి యింటి మేడగదిలో ఆరుగురు వ్రాయసకాండ్రతో ఆయన పని సాగించెను. నడుమ 1752లో భార్య మరణించెను. తుదకు 1755 ఏప్రిలు 15వ తేదీన ఆ మహాగ్రంథము రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. అందు దిగులును తెలుపు మెలంకలీ అను మాటకు అర్థము చెప్పుచు, ఒక్క విషయమునే పట్టుకొని మనస్సు దానిని విడువలేకపోవుట అను వ్యాధిభేదమును కూడ ఆయన పేర్కొనెను. ఆ అర్థము ఆయనకు పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు.

ఏలయనగా ఆ వ్యాధి ఆయన నిత్యజీవితమున కనబడుచుండెను. వాకిలి దాటునప్పుడు ఇన్ని అడుగులు వేయవలెననియు, ఫలానా పాదమే ముందు గడప దాటవలెననియు ఆయనకు నియమముండెను. అది తప్పినచో వెనుకకు మరలి, మొదటినుండి అడుగులు లెక్కించుకొని, సరిగా దాటిన పిమ్మటనే స్నేహితులను కలిసికొనుచుండెను. వీధిలో నడచునప్పుడు ప్రక్కనున్న స్తంభములనన్నిటిని చేతితో తాకుచు పోవుచుండెను. ఒకటి తప్పిపోయినచో వెనుకకు పోయి దానిని తాకి వచ్చుచుండెను. ఆయన చరిత్రను వ్రాసిన బాస్వెల్ దీనిని పలుమారులు చూచెను గాని, కారణమడుగుటకు స్నేహితులెవరును సాహసింపలేదు. ఒక చిన్న బాలిక మాత్రము, ఇట్లేల చేయుచున్నారని నిర్భయముగా అడిగెను. జాన్సను కోపింపక, అది దురలవాటనియు, ఆమె అట్టివి రానీయక జాగ్రత్తపడవలెననియు మృదువుగా చెప్పెను. అంతకు మించిన పేరు ఆయనకు తెలియదు. తన దోషమేయని తలచి, నిరర్థకమైన శంకలనుండి విడిపింపుమని దేవుని ప్రార్థించుచుండెను. ఆ ప్రార్థనలు ఆయన మరణానంతరము 1785లో ప్రకటింపబడినవి.

చూచువారు ఎట్లు పొరబడుచుండిరో తెలుపుటకు ఒక్క సంగతి చాలును. 1753లో హోగార్తు అను చిత్రకారుడు రిచర్డుసను అను నవలాకర్త యింటికి వెళ్లెను. కిటికీయొద్ద ఒక మనుష్యుడు తల ఊపుచు, దేహమును అటునిటు కదల్చుచు నిలిచియుండెను. బంధువులు ఇచ్చట విడిచిపోయిన మతిలేనివాడు కాబోలునని హోగార్తు తలచెను. ఇంతలో ఆ మనుష్యుడు ముందుకు వచ్చి సంభాషణలో పాల్గొని ధారాళముగా మాటలాడగా, హోగార్తు నిశ్చేష్టుడయ్యెను. ఆయనయే జాన్సను.

ఇచ్చట బాలబాలికలు ఒక సంగతి గమనింపవలెను. ఓ.సి.డి. యనగా శుభ్రత, పొందిక అని వారు తలచుచున్నారు. జాన్సను శుభ్రముగా నుండు మనుష్యుడే కాడు. చూపు చాలక దీపమునకు మిక్కిలి దగ్గరగా చదువుటచేత ఆయన పెట్టుడు జుట్టు ముందుభాగము కాలియుండెడిది. బట్టలు మాసియుండెడివి, గ్రంథములు దుమ్ముతో చిందరవందరగా పడియుండెడివి. అయినను గడప దాటుట ఆయనకు ఒక గండముగా నుండెను. కావున పొందికగా నుండుట వేరు. మనస్సు బలవంతముచేయగా విడువలేక చేయుట వేరు.

తాను బాధ ఎరిగినవాడగుటచేత ఇతరుల బాధను ఆయన పరిహసింపలేదు. క్రిస్టఫర్ స్మార్టు అను కవి వీధులలో మోకరించి, కనబడినవారిని తనతో ప్రార్థింపుమని కోరుచుండగా, లోకులు అతనిని పిచ్చివారి గృహమున నిర్బంధించిరి. అతనివలన ఎవరికిని హాని లేదనియు, బంధింపదగినవాడు కాడనియు జాన్సను వాదించెను. 1759లో తల్లి మరణించినప్పుడు, అంత్యక్రియల వ్యయమునకై రాసెలాస్ అను కథను ఒక్క వారములో వ్రాసెను. అందు ఎండవానలను తానే నడుపుచున్నానని భ్రమించు జ్యోతిశ్శాస్త్రజ్ఞు డొకడు కలడు. అతని సంగతి విని రాజకుమార్తె చిరునవ్వు నవ్వును. ఆమె చెలికత్తె పకపక నవ్వును. అప్పుడు వారితోనున్న జ్ఞాని, మనుష్యులకు కలుగు దుఃఖములలో మిక్కిలి బరువైన దానిని ఎగతాళి చేయరాదని వారిని మందలించును. పిమ్మట ఆ స్త్రీలే అతనితో స్నేహము చేయుదురు; వారి సహవాసమున అతని భ్రమ క్రమముగా తగ్గును. నవ్విన నోళ్లచేతనే ఊరట కలిగించిన రచయిత హృదయము ఎట్టిదో చదువరులే గ్రహింతురు గాక.

1762లో ప్రభుత్వము ఆయనకు సాలునకు 300 పౌనుల భరణము నిచ్చెను. అయినను 1766లో పూర్వపు చీకటి మరల క్రమ్మి, వారములతరబడి గది విడువలేకపోయెను. అప్పుడు హెన్రీ థ్రేలు దంపతులు ఆయన దుస్థితిని చూచి, స్ట్రెథామునందలి తమ యింటికి తోడ్కొనిపోయి, నెలలతరబడి కాపాడిరి. మనస్సు కలతపడినప్పుడు ఆయన లెక్కలు చేయుచు దానిని నిలుపుకొనుచుండెను. లండనులోని ఆయన యిల్లు దిక్కులేనివారికి ఆశ్రయమయ్యెను. అంధురాలగు ఆనా విలియమ్సు, బీదలకు వైద్యము చేయు లెవెట్, జమైకాలో దాస్యమున పుట్టిన ఫ్రాన్సిస్ బార్బరు అచ్చట నివసించిరి. పూర్వము తన రహస్యమును బయటపెట్టిన స్విన్‌ఫెనుగారి కుమార్తెయు బీదరాలై వచ్చినప్పుడు, ఆమెకును చోటిచ్చెను. 1784 డిసెంబరు 13వ తేదీన, తన 75వ యేట మరణించెను. వెస్టుమినిస్టరు దేవాలయమున ఆయన దేహము సమాధి చేయబడినది.

బాస్వెల్ మొదలగువారి వర్ణనలను చదివి, 20వ శతాబ్దమున కొందరు వైద్యులు ఆయన ముఖవికారములకు టూరెట్ వ్యాధి కారణమనియు, గడపలయొద్ద చేసిన చేష్టలు ఓ.సి.డి. లక్షణములనియు అభిప్రాయపడిరి. ఈ రెండవ వ్యాధియందు వలదన్నను ఒక భయము మాటిమాటికి మనస్సున ప్రవేశించును. ఆ భయము తీరుటకై రోగి ఒక పనిని మరల మరల చేయును. తీరినట్లు తోచి భయము తిరిగి వచ్చును. అది నిరర్థకమని సాధారణముగా అతడే ఎరుగును, అయినను మానలేడు. దినమునకు గంటలు అందుకే పోవును. ఇది బుద్ధిలోపము కాదు, క్రమశిక్షణాలోపము కాదు. నేడు దీనికి మందులు కలవు. వైద్యుని సహాయముతో భయమును కొంచెము కొంచెముగా ఎదుర్కొని, ఆ పనిని చేయక నిలుచుటను అభ్యసించు చికిత్సయు కలదు. జాన్సనుకు లభింపని ఈ మేలు మన పిల్లలకు లభింపగలదు.

ఈ వ్యాసము వ్రాయుటకు మాకొక కారణము కలదు. గతమున మా తరగతిలో ఒక బాలుడు ప్రతి లెక్కను తుడిచి వ్రాయుచు, కాగితము చినుగువరకు మానకుండెను. పరీక్షలో ఒక్కమారైనను ప్రశ్నలన్నియు పూర్తిచేయలేదు. మేము నవ్వుచు వీనికి ఓ.సి.డి. పట్టినదని తరగతి యెదుట అంటిమి. తరగతి నవ్వెను; ఆ పేరు వానికి నిలిచిపోయెను. కొన్ని నెలలకు తండ్రి మాయొద్దకు వచ్చెను. తలుపు గడియ సరిగా పడనిచో తల్లికి కీడు కలుగునను భయమున, ఆ బాలుడు రాత్రి పదిమార్లు లేచి చూచుచున్నాడట. ఈ సంగతి మాస్టరుగారితో ఏల చెప్పలేదని తండ్రి అడుగగా, ఆ మాట చెప్పినచో అందరును నవ్వుదురని వాడు బదులు చెప్పెనట. మేము తలవంచుకొంటిమి. వైద్యము జరిగి, ఇప్పుడు వాడు సుఖముగా నిద్రించుచున్నాడు. స్విన్‌ఫెనుగారి పొరపాటు మేము చేయరాదు గనుక, వాని అనుమతి పొంది, గుర్తింపదగిన వివరములను విడిచి, ఇంతమాత్రము వ్రాసితిమి.

ప్రియ విద్యార్థులారా, రోగి వైద్యుని యింటికి పోవుటకు అతని వ్యాధి పేరే త్రోవ. పరిహాసముతో ఆ త్రోవను మనము మూసివేసినచో, బాధపడువాడు ఎటు పోవును? పొందికగా నుండు స్నేహితుని పొందికగల వాడనుడు. తల్లిదండ్రులారా, బిడ్డ ఒకే పనిని విడువక చేయుచుండినచో గద్దింపక, కారణమును నెమ్మదిగా అడుగుడు. తోటి ఉపాధ్యాయులారా, ఎడియలు పాఠశాలలో శిష్యులు గురువును చూచి నవ్విరి. మన పాఠశాలలో గురువు శిష్యుని చూచి నవ్వకుండునుగాక.