మూగబొమ్మకు మాట నేర్పిన అర్దేషిర్ ఇరానీ

డోన్ పట్టణంలో పెరిగినవారికి రైలుకూత కొత్త కాదు. గుత్తి, కర్నూలు, నంద్యాల దిక్కులనుండి వచ్చే ఇనుపదారులు ఇచ్చట కలుస్తాయి. తరగతిలో పాఠమైనా, అరుగుమీద ముచ్చటైనా ఆ కూతకు ఒక్క క్షణం ఆగి మరల సాగవలసిందే. ఆ మధ్య స్టేషనుకు సమీపంలోని ఒక వీధిలో, ఒక వృద్ధురాలు పాడే పెండ్లిపాటలను ముద్రణ చేసుకొనవలెనని మేము వెళ్ళాము. ఆమె తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి పాడింది. ఇంటికి వచ్చి వింటే సగం పాటను గూడ్సుబండి మింగివేసింది. మరునాడు వేకువజామున, బండ్ల రాకపోకలు సన్నగిల్లిన వేళ చూచుకొని మరల వెళ్ళవలసి వచ్చింది. ఆ చీకటిలో నడుస్తూండగా మాకు జ్ఞప్తికి వచ్చిన మహనీయుడు అర్దేషిర్ ఇరానీ. రైళ్ళు ఆగే వేళకోసం ఆయన ఎన్నో రాత్రులు మేలుకొన్నారు. మన కళాశాలలో వినిపించే ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వెండితెరపై మొట్టమొదట పలికినది ఆయన నిర్మించిన చిత్రాలలోనే. అందుచేత ఆయన చరిత్రను మన విద్యార్థులు తెలిసికొనుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇరానీ 1886 డిసెంబరు 5వ తేదీన పూనాలో, జరతుష్ట్ర మతావలంబులైన కుటుంబంలో జన్మించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళ నేర్చుకొన్నారు. కొంతకాలం చిన్న ఉద్యోగాలు చేసి, పిమ్మట కుటుంబ వ్యాపారంలో ప్రవేశించారు. ఆ వ్యాపారం సంగీత వాద్యాలు, ఫోనోగ్రాఫులు అమ్మడం. మనిషి గొంతును యంత్రంలో నిలుపవచ్చునన్న సంగతి ఆయనకు అంగడిలోనే పరిచయమైనదన్నమాట.

ఆ రోజులలో అబ్దులాలీ యూసుఫాలీ అనే బోహ్రా ముస్లిం వర్తకుడు డేరాలు వేసి దేశదేశాలలో బొమ్మలాట చూపి పేరు గడించారు. 1914లో ఇరానీ ఆయనతో భాగస్వామియై బొంబాయిలో సినిమాశాలలు నడిపారు. వారి స్నేహం దశాబ్దాల తరబడి చెక్కుచెదరలేదు. బొమ్మలు చూపడంతో తృప్తిపడక ఇరానీ బొమ్మలు తీయనారంభించారు. 1922లో ‘వీర్ అభిమన్యు’ వెలువడింది. 1926లో ఇంపీరియల్ ఫిలిం కంపెనీ వెలసింది. అవన్నీ మూకీ చిత్రాలే.

1929లో అమెరికాలో తయారైన ‘షో బోట్’ అనే చిత్రం బొంబాయికి వచ్చింది. అందులో కొంత భాగం మాత్రమే మాటలు. ఆ కొద్దిపాటి మాటలే ఇరానీ నిద్రను హరించాయి. మన భాషలో పూర్తిగా మాట్లాడే చిత్రం తీయవలెనని నిశ్చయించుకొన్నారు. అమెరికానుండి టానార్ అనే ధ్వనిముద్రణ యంత్రాన్ని తెప్పించారు. దానిని అమర్చడానికి విల్ఫర్డ్ డెమింగ్ అనే ఇంజనీరు వచ్చారు. ఆయనకు రోజుకు నూరు రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. అది ఆనాటికి భరించరాని మొత్తం. ఇరానీ ఒక నెల రోజులలో ఆయనవద్ద పని మెళకువలు గ్రహించి, రుస్తుం భరూచా అనే సహచరునితో కలిసి ధ్వనిముద్రణను తామే చేపట్టారు. కంపెనీ యజమాని తానే చెవులకు గొట్టాలు తగిలించుకొని కూర్చోవడం సామాన్య విషయం కాదు.

ఆ పని ఎంత కష్టమైనదో కొంచెం వివరించవలె. బొమ్మను, మాటను ఒకే ఫిలింపై ఒకేసారి ముద్రించే పద్ధతి అది. పెదవి కదలిక, పలుకు రెండూ తప్పక కలుస్తాయి. అది దాని గుణం. కాని నటుడు ఒక మాట తడబడినా, పక్కన ఎవరైనా దగ్గినా, ఆ చప్పుడు బొమ్మతోపాటే ఫిలిం మీద నిలిచిపోతుంది. మాటను వేరుచేసి దిద్దుకొనే వీలు లేదు. దృశ్యమంతా మొదటినుండి తీయవలసిందే. శబ్దం చొరని గదులు అప్పటికి లేవు. పైగా స్టూడియో రైలుదారి పక్కనే ఉన్నది. కనుక రైళ్ళు ఆగిపోయే అర్ధరాత్రి దాటిన వేళ, తెల్లవారుజాము నాలుగు గంటలలోపు అధికభాగం చిత్రీకరించారు. మైకును నటుని తలపైన వ్రేలాడదీసే కర్ర కూడా లేదు. కెమెరా కంటికి కనిపించని మూలలలో, సామగ్రి చాటున మైకులను దాచిపెట్టి, నటులను వాటికి దగ్గరగా నిలిపి మాట్లాడించారు.

ఈ విధంగా సిద్ధమైన ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైంది. పార్శీ రంగస్థలం కోసం జోసెఫ్ డేవిడ్ రచించిన నాటకం దానికి మూలం. ఉర్దూ కలిసిన హిందూస్తానీలో సాగే ఆ చిత్రంలో ఫకీరు వేషధారి వజీర్ మొహమ్మద్ ఖాన్ పాడిన పాట భారతీయ సినిమాలో మొదటి పాట. జనసందోహాన్ని అదుపులో ఉంచడానికి పోలీసులు రావలసి వచ్చింది. అణాల టిక్కెట్లు రూపాయలకు అమ్ముడుపోయాయి.

ఆ చిత్రానికి పనిచేసినవారిలో మన హెచ్.ఎం. రెడ్డి ఒకరు. ఇరానీ ఆయనకు దర్శకత్వ బాధ్యతను అప్పగించి ‘కాళిదాస్’ తీయించారు. 1931 అక్టోబరు 31వ తేదీన మద్రాసులో విడుదలైన ఆ చిత్రంలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలోను, నాయకుడు తెలుగులోను మాట్లాడుతారు. పిమ్మట పూర్తి తెలుగు చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలైంది. దానికి ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. లీలావతి పాత్రధారిణి సురభి కమలాబాయి. సురభి నాటక సమాజం పుట్టిన గ్రామం కడప జిల్లాలోనిది. ఆచార్యులవారి ఇంటిపేరులోని ధర్మవరం 2022 వరకు మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో ఉండేది. ఇరానీకి తెలుగు మాతృభాష కాదు. అయినా మన రాయలసీమ రంగస్థలం ఆయన ధైర్యం వలన తెరకెక్కింది. ఏలూరు ప్రాంతపు యువకుడు ఎల్.వి. ప్రసాద్ పై మూడు చిత్రాలలోను చిన్న వేషాలు ధరించి, తరువాత తరానికి పెద్ద దర్శకుడైనారు.

ఇరానీ అంతటితో ఆగలేదు. 1933లో ‘దోఖ్తరే లోర్’ అనే చిత్రంతో పారశీక భాషకు మొదటి టాకీని అందించారు. 1937లో సాదత్ హసన్ మంటో రచనతో ‘కిసాన్ కన్యా’ అనే వర్ణచిత్రాన్ని మన దేశంలోనే తయారుచేయించారు. 1945లో ‘పూజారి’తో చిత్రనిర్మాణం చాలించారు. 1969 అక్టోబరు 14వ తేదీన బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన జీవితకాలంలోనే ధ్వనిముద్రణ రూపురేఖలు మారిపోయాయి. పోలెండులో పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో ‘నాగ్రా’ అనే టేపు రికార్డరును నిర్మించారు. పోలిష్ భాషలో ఆ మాటకు ముద్రించగలదు అని అర్థం. 1958 ప్రాంతంలో వచ్చిన దాని మూడవ రూపం బ్యాటరీలతో నడిచేది, భుజాన వేసుకొని వెళ్ళదగినది. రెండు చక్రాలమధ్య టేపు సమవేగంతో సాగుతుంది. మాట టేపుమీద, బొమ్మ ఫిలింమీద వేరువేరుగా నిలుస్తాయి. మరి రెంటినీ కలపడమెట్లు? కెమెరా మోటారునుండి వచ్చే సన్నని విద్యుత్ సంకేతాన్ని మాటతోపాటు టేపుమీద ముద్రిస్తారు. టేపు ఎక్కడ సాగినా, జారినా ఆ సంకేతమే సరైన వేగాన్ని తెలుపుతుంది. దృశ్యారంభంలో చరిచే చెక్కపలక శబ్దం రెండింటికీ ఆరంభస్థానాన్ని చూపుతుంది. ముద్రణకు కూర్చున్నవాడు మాత్రం ముల్లుమీద దృష్టి నిలిపి, గొంతు హెచ్చితే తగ్గిస్తూ, తగ్గితే పెంచుతూ, దూరపు చప్పుడును ముందుగానే పసిగట్టవలె. యంత్రం ఎంత మారినా ఇరానీ రాత్రివేళ చేసిన పని అదే. శ్రద్ధగా వినడం, ఓపికతో వేచియుండడం.

విచారకరమైన విషయం ఒకటున్నది. ‘ఆలం ఆరా’ గాని, ‘భక్త ప్రహ్లాద’ గాని నేడు చూడడానికి దొరకవు. రెండు భాషల తొలిపలుకులూ కాలగర్భంలో కలిసిపోయాయి. అంత శ్రమించి ముద్రించినదానిని మనం భద్రపరచుకొనలేకపోయాము. ముద్రించడం ఎంత అవసరమో, దాచుకొనడం అంతకన్న అవసరమని ఈ నష్టం మనకు బోధిస్తున్నది.

విద్యార్థులారా! నేడు మీ చేతిలోని ఫోనే ధ్వనిముద్రణ యంత్రం. దానికి రోజుకు నూరు రూపాయల ఇంజనీరు అక్కరలేదు. మీ ఇండ్లలో నానీలు పాడే జోలపాటలున్నవి, అవ్వలు చెప్పే కథలున్నవి. వాటిని ముద్రించి, పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి, రెండుచోట్ల భద్రపరచండి. మేము రెండవసారి వేకువన వెళ్ళినప్పుడు ఆ వృద్ధురాలు ఉర్దూ పాటను పూర్తిగా పాడింది. తెలుగు పాటలో మాత్రం రెండు చరణాలు ఆమెకు ఎంతకూ జ్ఞాపకం రాలేదు. గూడ్సుబండి మింగినవి సరిగా ఆ చరణాలే.