కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (1902 జూలై 15 - 1986 మే 18) ప్రముఖ ఇంజనీరు, పార్లమెంటు సభ్యుడు, కేంద్ర మంత్రి. డా. కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకర్తగా, గంగా-కావేరి నదుల అనుసంధాన ప్రతిపాదకునిగా పేరొందాడు. వరదకాలంలో సముద్రం పాలయ్యే నదీజలాలను నిలువచేసి, మిగులు ఉన్న చోటినుండి కొరత ఉన్న చోటికి మళ్ళించాలన్నది ఈయన కృషికి మూలసూత్రం.

బాల్యం, విద్య

లక్ష్మణరావు కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. పాఠశాలలో ఆటలాడుతుండగా గాయపడి ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు. అయినా చదువు మానలేదు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టరు పట్టా పొందిన మొదటి విద్యార్థి ఈయనే. 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

ఇంజనీరుగా

బర్మాలోని రంగూన్‌లో ఆచార్యునిగా, ఆ తరువాత బ్రిటనులో సహాయాచార్యునిగా పనిచేసాడు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరాడు. 1950లో ఢిల్లీకి వెళ్ళి కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగపు డైరెక్టరుగా, 1954 నుండి ఛీఫ్ ఇంజనీరుగా పనిచేసాడు. భారతదేశపు పెద్ద ఆనకట్టలు అనేకం రూపుదిద్దుకున్న కాలమది.

వీటిలో తెలుగువారికి ముఖ్యమైనది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టులో నీరు వదిలారు. దీని ప్రధాన ఆనకట్ట రాతికట్టడం. యంత్రాలు అరుదుగా, కూలీలు విరివిగా దొరికే దేశంలో మనుషుల చేతులమీదుగా సాగేందుకు అనువైన నిర్మాణ పద్ధతి ఇది. కుడికాలువ ద్వారా గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టభూములకు సాగునీరు అందింది.

రాజకీయ జీవితం

లక్ష్మణరావు అరవయ్యేళ్ళ వయసులో రాజకీయాలలో ప్రవేశించాడు. 1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963 జూలైలో నెహ్రూ మంత్రివర్గంలో చేరి, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరా గాంధీల ప్రభుత్వాలలోనూ కొనసాగాడు. సుమారు పదేళ్ళపాటు నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాలు చూసాడు. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది.

గంగా-కావేరి పథకం

1972లో ఈయన ప్రతిపాదించిన పథకం దేశవ్యాప్త చర్చకు దారితీసింది. పాట్నా వద్ద గంగానది నుండి ఏడాదికి 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల నీటిని తీసుకొని, సుమారు 2,640 కిలోమీటర్ల మార్గం ద్వారా కావేరికి చేర్చడం దాని సారాంశం. ఈ మార్గంలో నీటిని దాదాపు 550 మీటర్ల ఎత్తుకు తోడవలసి ఉంటుంది. అందుకు 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు అవసరమని అంచనా. సుమారు 40 లక్షల హెక్టార్లకు అదనంగా సాగునీరు అందుతుందని ఆశించారు.

కేంద్ర జలసంఘం దీనిని పరిశీలించింది. ఖర్చును బాగా తక్కువగా లెక్కగట్టారని, విద్యుత్ అవసరం మరీ ఎక్కువని, వరదల నివారణకు ప్రయోజనం లేదని అభిప్రాయపడింది. పథకం అమలు కాలేదు. అయితే అనుసంధానం గురించిన ఆలోచన ఆగిపోలేదు. 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

పులిచింతల, తుళ్లూరు ప్రాంతం

కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. 1952లో బెజవాడ పాత ఆనకట్టకు గండిపడగా, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి నిర్మించారు. అయితే బ్యారేజిలో నిలిచేది 3 టి.ఎం.సి.ల నీరు మాత్రమే (ఒక టి.ఎం.సి. అంటే శతకోటి ఘనపుటడుగులు). ఎగువ నుండి నీరు ఆలస్యమైతే డెల్టాలో నాట్లు ఆలస్యమవుతాయి. ఈ లోటు తీర్చడానికి నాగార్జునసాగర్‌కు, బ్యారేజికి నడుమ 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యంతో పులిచింతల జలాశయం కట్టారు. 2013 డిసెంబరులో ప్రారంభమైన దీనికి డా. కె.ఎల్.రావు సాగర్ అని పేరుపెట్టారు. దీనివల్ల గుంటూరు, నల్గొండ జిల్లాల గ్రామాలు కొన్ని ముంపుకు గురయ్యాయి. 2021 ఆగస్టు 5న ఒక గేటు కొట్టుకుపోవడంతో నిల్వనీటిని దిగువకు వదలవలసి వచ్చింది.

పులిచింతల నుండి వదిలిన నీరు తుళ్లూరు మండలపు నదీతీరం మీదుగా బ్యారేజికి చేరుతుంది. డెల్టా కాలువలు బ్యారేజి వద్ద మొదలవుతాయి. అందువల్ల వాటికి ఎగువనున్న తుళ్లూరుకు నది చేరువలోనే ఉన్నా ఆ కాలువల నీరు అందలేదు. ఏటి ఒడ్డు జరీబు భూములలో భూగర్భజలంతో ఏడాది పొడవునా పంటలు పండగా, లోపలి నల్లరేగడి చేలలో వానను నమ్ముకొని పత్తి, మిరప వేసేవారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు ఈ మండలానికి ఎదుటి గట్టున, ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిసాయి. లక్ష్మణరావు కోరిన అనుసంధానానికి ఇది ఒక చిన్న రూపమని చెప్పవచ్చు.

సముద్రజల శుద్ధితో పోలిక

నదీజలాలు నమ్మకంగా అందని చోట సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడం మరొక మార్గం. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా జలాలు 1996లో చెన్నైకి చేరాయి. అవి చాలకపోవడంతో ఆ నగరం 2010లో మింజూరులో, 2013లో నెమ్మేలిలో రోజుకు పదేసి కోట్ల లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కర్మాగారాలను ప్రారంభించింది. అలాంటి కర్మాగారం ఒకటి ఏడాదంతా పూర్తిగా పనిచేస్తే వచ్చే నీరు సుమారు 1.3 టి.ఎం.సి.లు. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. వానలతో నిమిత్తం లేకపోవడం దీని బలం. నగరాల తాగునీటికి ఇది ఆదుకోగలదు గాని, డెల్టా సేద్యానికి సరిపోదు. కనుక సేద్యానికి సంబంధించినంతవరకు లక్ష్మణరావు నొక్కిచెప్పిన జలాశయాల అవసరం తీరిపోలేదు.

రచనలు

జలవనరులపై ఈయన రాసిన ఇండియాస్ వాటర్ వెల్త్ 1975లో వెలువడింది. ఆత్మకథ పేరు ది క్యూసెక్స్ కాండిడేట్.