అరవై ఏళ్ల కప్పుకు మైలవరం దండ

రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని 1965-66లో గెలిచిన ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ జట్టు పెద్దలకు నమస్కారాలు. మీ గెలుపుకు అరవై ఏళ్లు నిండాయి. షష్టిపూర్తి అంటే మా ఊళ్లో పెళ్లంత హడావుడి. మీకు మాత్రం ఎక్కడా పందిరి వేసినట్టు నాకు కనబడలేదు. అందుకని మైలవరం నుంచి నేనే దండ పట్టుకొచ్చాను.

కొల్లంలో ఫైనల్. ఎదురుగా బెంగాల్, అప్పటికే ఆ కప్పును అందరికంటే ఎక్కువసార్లు ఎత్తుకుపోయిన జట్టు. మొదటి మ్యాచ్ 1-1తో తేలలేదు. మళ్లీ ఆడి 1-0తో గెలిచారు. అంతకుముందు 1956-57, 1957-58లో హైదరాబాద్ పేరుతో ఆ కప్పు వరుసగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో వచ్చింది మీది ఒక్కటే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రెండు రాష్ట్రాలూ బస్సులు, భవనాలు పంచుకున్నాయి గానీ మీ కప్పు ఎవరి వాటా అని ఒక్కరూ పోట్లాడలేదు. ఫుట్‌బాల్‌కు ఇంతకు మించిన అవమానం ఏముంటుంది?

నిజం చెప్పాలంటే మీ కప్పులో అప్పటి మా కృష్ణా జిల్లా చెమట తక్కువే. ఆ ఆట పెరిగింది హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో. పెంచింది సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, యూనివర్సిటీ జట్టుకు ఆడి, బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు ఆయన. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలని ఒక పోటీ, బంతి కాలి దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో పోటీ పెట్టేవారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఆ చేతుల్లో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి ఐదేళ్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి. 1963 జూన్‌లో రహీం పోయారు. మీ కొల్లం గెలుపు చూడకుండానే పోయారు.

ఇక మా ఊరి సంగతి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ 1998లో పుట్టింది. 2008లో జేఎన్‌టీయూ విడిపోయాక కాకినాడ యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఇలాంటి కాలేజీలో ఫుట్‌బాల్ ఆడేవాడి సీజన్ ఎంతని? అంతర్ కళాశాలల పోటీలు నాకౌట్ అయితే ఒక్క ఓటమితో ఆ ఏడాదికి సరి. బాగా ఆడినవాడు యూనివర్సిటీ జట్టుకు ఎంపికై, సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తాడు. ఈ లోపు మిడ్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, అటెండెన్స్ కోసం ఫిజికల్ డైరెక్టర్ గారి సంతకాలు. చూసేవాళ్లు కబడ్డీకి, క్రికెట్‌కు మూగినట్టు వీళ్ల ఆటకు మూగరు. అయినా సాయంత్రమయ్యేసరికి బూట్లు తగిలించుకుని బయల్దేరతారు. మీకు దండ వేస్తూ ఈ కుర్రాళ్లకూ ఒక పువ్వు ఇవ్వాలనిపించింది.

పెద్దలారా, మీకు మరోసారి అభినందనలు. ఈసారి కాలేజీ వార్షికోత్సవానికి రహీం మాస్టారి పేరుతో ఎడమకాలి పోటీ ఒకటి పెట్టండని కుర్రాళ్లకు చెప్తున్నాను. బహుమతి ఖర్చు నాది. మీలో ఎవరైనా వచ్చి ఆ బహుమతి అందిస్తే మాకు పండగే. కాస్త ఎండలు ముదిరాక వస్తే మైలవరం మామిడిపళ్ల బుట్ట కూడా మీ కారులో పెడతాం.