డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు

లోకులు హీనమని యెంచిన పనియందు విద్యావంతుఁడు చేయి పెట్టినచో దేశమున కెంత మేలు గలుగునో డాక్టరు నాయుడమ్మగారి జీవితము తెలుపుచున్నది.

వీరు 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీని తెనాలి ప్రాంతమందలి యలవఱ్ఱులో నొక కర్షక కుటుంబమున జన్మించిరి. బెజవాడ బెంజ్ సర్కిల్ నుండి కృష్ణానది దాఁటి, తెనాలి మీఁదుగాఁ బోయిన నా గ్రామము చేరవచ్చును. వారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియటు చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునఁ బట్టమునంది, చెన్నపట్టణమునఁ దోళ్లు పదునుచేయు విద్య నభ్యసించిరి. పిమ్మట అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు బిరుదమును బడసిరి.

ఆ దినములలోఁ దోలుపని మాదిగవాడలకే విడువఁబడియుండెను. చెప్పులు తొడుగుకొన్నవారే వానిని కుట్టినవారిని అంటరానివారనిరి. అట్టి కాలమున రైతుబిడ్డ యొకఁడు ఆ పనినే తన విద్యగాఁ గైకొనుట సాహసమే.

పచ్చితోలులోఁ గొల్లాజెన్ అను పదార్థము గలదు. అది మిగుల పొడవైన అణువుల గొలుసు. ఇట్టివానిని పాలిమరులందురు. తంగేడుపట్ట రసముగాని క్రోమియము లవణముగాని యీ గొలుసుల నడుమ ముడులు వేయఁగా తోలు కుళ్లక నిలుచును. సూర్యకాంతి నుండి విద్యుత్తు పుట్టించు పలకలలో గాజుక్రింద నుంచు పొరయు, విమానభాగములందు వాడు జిగురుపదార్థములును ఇట్టి ముడులచేతనే గట్టిపడుచున్నవి. మాదిగవాడలోని తొట్టియు, నూతన యంత్రశాలయు నొక్క సూత్రమునకే లోఁబడినవి.

నాయుడమ్మగారు 1958 మొదలు 1971 వఱకుఁ జెన్నపట్టణమందలి కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు అధిపతులైరి. పచ్చితోళ్లను, సగము పదునైన తోళ్లను పరదేశములకుఁ బంపుటకంటె, మన పనివారి చేతనే వస్తువులు చేయించి పంపుట లాభకరమని బోధించిరి. 1971లోఁ బద్మశ్రీ బిరుదము నందిరి. ఆ యేఁటనే శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతులై, 1977 వఱకు నాపదవి నిర్వహించి, కరీంనగరము జిల్లా పల్లెలకు శాస్త్రఫలములు చేర్ప యత్నించిరి.

1985 జూన్ 23వ తేదీని, వారు కెనడా నుండి మరలి వచ్చుచున్న కనిష్క విమానము దుండగు లుంచిన బాంబుచే ఐర్లండు సమీపమున సముద్రముపైఁ బ్రేలిపోయెను. వారితోఁ గూడ అందలి 329 మందియు అసువులు బాసిరి.

బాలబాలికలారా! ఏ పనియు హీనము గాదు. చేతిపనికి జ్ఞానమును, జ్ఞానమునకుఁ జేతిపనిని జోడింపుఁడు.