కొండ దగ్గర ఆగిన కారు.. బెర్తా బెంజ్ అడిగిన ఒక గేరు

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి: పికప్ ట్రక్కుకి ఆరు గేర్లు చాలవా, పది ఎందుకు? ఎక్కువ గేర్లుంటే ఎక్కువ పవర్ వస్తుందని చెప్పారో, అక్కడే దొరికిపోతారు. గేర్‌బాక్స్ పవర్‌ని పుట్టించదు. ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే 1888 ఆగస్టులో జర్మనీలోని ఒక ఎత్తు రోడ్డు దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఒకావిడ కారు దిగి, దాన్ని నెడుతోంది.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. 1849 మే 3న ఫోర్జ్‌హైమ్‌లో పుట్టింది. తండ్రి వడ్రంగం, ఇళ్ల నిర్మాణం చేసే మేస్త్రీ. కార్ల్ బెంజ్‌తో పెళ్లి 1872లో జరిగింది. అంతకుముందే అతని వర్క్‌షాపు మునిగిపోయే స్థితిలో ఉంటే, భాగస్వామి వాటా కొనేయడానికి తన కట్నం డబ్బు ముందుగానే ఇప్పించింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫస్ట్ ఇన్వెస్టర్ అన్నమాట. 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ వచ్చింది. అది కార్ల్ పేరు మీదే ఉంది.

పేటెంట్ వచ్చింది గానీ బండి కొనేవాళ్లేరి? గుర్రం లేకుండా నడిచే బండిని జనం నమ్మలేదు. కార్ల్ ఇంజినీరే, అమ్మడం మాత్రం రాదు. బెర్తాకి ఓపిక నశించింది. 1888 ఆగస్టులో ఒకరోజు తెల్లవారుజామున భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది. అప్పటికి కారులో అంత దూరం ఎవరూ వెళ్లలేదు.

దారిలో జరిగినవి మీరు వినే ఉంటారు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. వీస్‌లోఖ్‌లో మందుల షాపులో లిగ్రోయిన్ కొని పోయించింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఇవన్నీ రిపేర్లు. పిన్నుతోనో తోలుతోనో తీరేవి. ఎత్తు రోడ్డు మాత్రం అలా కాదు.

బండికి మూడు హార్స్‌పవర్ కూడా లేదు. చదును రోడ్డు మీద పరుగెత్తడానికి పెట్టిన గేరింగ్ ఎత్తులో పనికిరాలేదు. ఇంజిన్ స్పీడు పడిపోతుంది, స్పీడు పడితే పవరూ పడిపోతుంది, ఇక ఆగడమే. గేర్లు లేని సైకిల్‌తో ఫ్లైఓవర్ ఎక్కినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దిగి నెట్టాల్సిందే. వాళ్లూ అదే చేశారు. సాయంత్రానికి ఫోర్జ్‌హైమ్ చేరి టెలిగ్రామ్ ఇచ్చారు. తిరిగొచ్చాక బెర్తా చెప్పిన లోపాల్లో ముఖ్యమైనది, ఎత్తులెక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలని. కార్ల్ దాన్ని చేర్చాడు. (ఫీల్డ్ టెస్టింగ్ రిపోర్టంటే ఇది. మనం ప్రాజెక్టు రికార్డుల్లో రాసేది కాదు.)

ఇప్పుడు మన పికప్ దగ్గరికి రండి. ఫోర్డ్ ఎఫ్-150 ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో మొదటి గేరు నిష్పత్తి 4.17. 2017 మోడల్‌తో వచ్చిన పది గేర్ల దాంట్లో అది 4.70. ట్రైలర్‌ని నిలబడ్డ చోటు నుంచి కదిలించడానికి ఇది సాయం. కానీ అసలు లాభం మధ్యలో ఉంది. పాతదాంట్లో మూడో గేరు, కొత్తదాంట్లో ఐదో గేరు రెండూ 1.52 దగ్గరే ఉంటాయి. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నారు, ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం మీద ఉంది, ఒక గేరు తగ్గించాలి. ఆరు గేర్ల బండిలో తర్వాతి మెట్టు 2.34, ఇంజిన్ 3,850 దగ్గరికి ఎగిరి అరుస్తుంది. పది గేర్ల దాంట్లో తర్వాతిది 1.77, అంటే 2,900 చాలు. ఇంజిన్ తనకి నచ్చిన స్పీడులోనే ఉంటుంది.

మైలేజీ సంగతి? టాప్ గేరు 0.69 నుంచి 0.64కి మాత్రమే తగ్గింది. హైవే మీద ఒకే స్పీడులో పోతే తేడా కొంచెమే. స్పీడు మారుతూ ఉండే చోట మిగులుతుంది. పైగా గేర్లు పెరిగేకొద్దీ బాక్స్ సంక్లిష్టమవుతుంది, సాఫ్ట్‌వేర్ సరిగ్గా లేకపోతే ఏ గేరో తేల్చుకోలేక అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. ఎంత బరువు లాగగలదనేది యాక్సిల్ నిష్పత్తి, చాసిస్, బ్రేకులు, కూలింగ్ కూడా కలిసి తేల్చాలి. నన్నడిగితే ఒకటి నుంచి రెండుకి మారినప్పుడు దక్కినంత లాభం ఆరు నుంచి పదికి మారినప్పుడు దక్కదు. నెట్టే అవసరం తప్పించడానికి చేర్చింది ఆ చిన్న గేరే.

కార్ల్ 1929లో పోయాడు. బెర్తా లాడెన్‌బర్గ్ ఇంట్లో ఇంకో పదిహేనేళ్లు బతికింది. కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాసంస్థ ఆమెకి గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. అది 1944 మే 3, ఆమె 95వ పుట్టినరోజు. రెండు రోజుల తర్వాత చనిపోయింది.